రాత్రి షిఫ్టు, ఫోను, పద్నాలుగు నెలల కాపురం: ఒక కేస్ స్టడీ

ఈ కేసు మా క్లినిక్‌కు "పోర్న్ అడిక్షన్, వైవాహిక సమస్య" అనే రెండు ముక్కల చీటీతో వచ్చింది. రాసింది నరసరావుపేటలో ఒక జనరల్ ఫిజీషియన్. మనిషికి 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా క్లయింటుకు రాత్రి షిఫ్టులో సాఫ్ట్‌వేర్ సపోర్టు ఉద్యోగం. పెళ్లయి 14 నెలలు. భార్యకు 27. బీఈడీ చేసి కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. మూడు నెలల కిందట ఆ ఉద్యోగం మానేసి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ పుట్టింటి ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని మాట్లాడాకే ఈ చీటీ రాయించారు. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. రాస్తున్నానని ఇద్దరికీ చెప్పాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక పేరా తీసేయమని ఆమె అడిగితే తీసేశాను.

మొదటిరోజు

నలుగురొచ్చారు. అతను, తల్లి, అక్క భర్త, భార్య తరఫున ఆమె చిన్నాన్న. భార్య రాలేదు. కుర్చీల్లో సర్దుకోకముందే చిన్నాన్న విషయానికొచ్చేశాడు. "డాక్టరు గారూ, పెద్ద మాటలేం వద్దండీ. అబ్బాయి సంసారానికి పనికొస్తాడో రాడో ఒక్క కాగితం మీద రాసివ్వండి. మిగతాది మేం చూసుకుంటాం." తల్లి కళ్లొత్తుకుంటూ "మావాడు అలాంటోడు కాదు బాబూ, ఆ ఫోనే పాడుచేసింది" అంది. బావగారు తను చేయగలిగింది చేశానన్నాడు. "స్మార్ట్‌ఫోన్ లాక్కుని బటన్ ఫోన్ చేతికిచ్చాను సార్. ఆఫీసు లాగిన్‌కి ఏదో యాప్ కావాలంట. మూడో రోజుకే తిరిగిచ్చేయాల్సొచ్చింది." ఇంత జరుగుతున్నా అసలు మనిషి తలెత్తలేదు.

చిన్నాన్న కాగితం అడగడం అమాయకత్వం కాదు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నపుంసకత్వం కారణంగా దాంపత్యం జరగకపోతే పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లొచ్చు. ఎవరో లాయరు ఆయన చెవిన వేసే ఉంటాడు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ వల్ల చికిత్సకు వచ్చినవారి సంగతులు బయట పెట్టకూడదు. కోర్టు అడిగితే ఇస్తాం, చిన్నాన్నగారు అడిగితే ఇవ్వం అని మర్యాదగానే చెప్పి ముగ్గుర్నీ బయట కూర్చోబెట్టాను.

ఇలాంటి కేసుల్లో గది తలుపు మూయగానే నేను మొదట చెప్పేది గోప్యతకు ఉన్న హద్దు గురించి. పెద్దవాళ్ల వీడియోలు ఒక పెద్ద మనిషి తన గదిలో తాను చూసుకోవడం నేరం కాదు. వాటిని నలుగురికీ పంపితే ఐటీ చట్టం 67ఏ ఉంది. పిల్లల విషయం పూర్తిగా వేరు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ అంటుంది, డాక్టరుకు మినహాయింపు లేదు. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది. పిల్లల లైంగిక దృశ్యాలను డౌన్‌లోడ్ చేయకుండా చూసినా, వాటిపై అదుపు ఉన్నట్టయితే దగ్గర పెట్టుకున్నట్టే లెక్కించొచ్చని చెప్పింది. ఇదంతా ముందే చెబితే పేషెంటు ముడుచుకుపోతాడని కొందరు సహోద్యోగులు అంటారు. నా అనుభవం వేరు. హద్దు ఎక్కడుందో తెలిశాకే మనిషి లోపలి సంగతులు తీస్తాడు. ఇతను కాసేపు ఆలోచించి, ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఉండేవాణ్నని, అందులో ఎవరో దొంగచాటుగా తీసిన వీడియో వస్తే బయటికొచ్చేశానని చెప్పాడు. "ఆ అమ్మాయి నటి కాదు సార్. ఏదో అద్దింట్లో మామూలు అమ్మాయి. పెద్దమ్మాయే గానీ తీస్తున్నట్టు ఆమెకు తెలీదు." ఈ తేడా అతనికి కనిపించిందన్నది నోట్సులో రాసుకున్నాను.

చరిత్ర

1990ల మొదట్లో పుట్టిన తెలుగు మగపిల్లల్లో చాలామంది కథే ఇతనిదీ. ఇంటర్ ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఆదివారం ఔటింగ్. బస్టాండు పక్క మొబైల్ షాపులో 2 జీబీ మెమరీ కార్డు ఇచ్చి పాటలు ఎక్కించమంటే, ఇంకో ముప్పై రూపాయలు పెడితే "అవి" కూడా ఎక్కించేవాడు. ఒక చైనా ఫోనును గదిలో ఆరుగురు దుప్పటి కింద వంతులవారీగా చూసేవాళ్లు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మెమరీ కార్డు అవసరం పోయింది. ఆరుగురూ పోయారు. ఇక అన్నీ ఒక్కడే, తలుపేసుకుని.

పెళ్లికి ముందు ఇది అతనికి సమస్యగా కనిపించలేదు. వారానికి రెండు మూడుసార్లు, నిద్రకు ముందు. పెరిగింది 2021 తర్వాత. ఆ ఏడాది మే నెలలో, కోవిడ్ రెండో వేవ్‌లో తండ్రి పోయాడు. కొన్ని నెలలకే ఇంటి నుంచి రాత్రి షిఫ్టు మొదలైంది, సాయంత్రం 6.30 నుంచి తెల్లవారుజాము 3.30 దాకా. ఊళ్లో ఇల్లు మూసి తల్లిని తెచ్చుకున్నాడు. రెండు గదుల పోర్షన్. తల్లి హాల్లో పడుకుంటుంది. పెళ్లయ్యాక కూడా ఆ ఏర్పాటు మారలేదు. మధ్య తలుపుకు గడియ సరిగా పడదు. ఈ గడియ సంగతి అతను చెప్పలేదు. తర్వాత భార్య చెప్పింది.

పెళ్లి తర్వాత మొదటి రాత్రులు ఫలించలేదు. అంగస్తంభన వచ్చేది, కలయిక దగ్గరికొచ్చేసరికి తగ్గిపోయేది. ఏడెనిమిది వారాల తర్వాత కలయిక కుదిరింది గానీ స్ఖలనం కాలేదు. "అరగంటైనా ఉండాలి కదా సార్, నాకు వాళ్లలా రావట్లేదు" అన్నాడు ఒకసారి. వాళ్లంటే ఎవరని అడిగితే తల దించుకున్నాడు. వీడియోలోవాళ్లు. అరగంటకు కోత కోసి, మధ్యమధ్య ఆపి, మాత్రలు వేసుకుని తీసిన దాన్ని గడియారంగా పెట్టుకున్నాడు. 2005లో ఐదు దేశాల్లో 500 జంటల చేత స్టాప్‌వాచ్ పట్టించి కొలిస్తే కలయిక నిడివి మధ్యస్థం 5.4 నిమిషాలు వచ్చింది. ఆ అంకె చెప్పినప్పుడు అతను నమ్మలేదు. ఇలాంటి మాట ఇదివరకు ఏ డాక్టరూ చెప్పలేదన్నాడు.

చెప్పినవాళ్లు వేరే చెప్పారు మరి. బస్టాండు గోడల మీద పెయింటింగు చూసి, నెలకు రెండు రోజులు లాడ్జిలో మకాం వేసే ఒక "సెక్స్ స్పెషలిస్టు" దగ్గరికి వెళ్లాడు. నరాల బలహీనత అన్నారట. ప్యాకేజీ 48 వేలు. రెండు రకాల పొడి, ఒక నూనె. పొడి వేసుకున్న రాత్రి ముఖం ఎర్రబడి, తల పగిలేంత నొప్పి వచ్చేదట. ఇలాంటి పొడుల్లో సిల్డెనాఫిల్ కలిపి మూలికల మందని అమ్మడం మాకు కొత్త కాదు. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ల చేతిలో పడితే ప్రాణం తీస్తుంది. ఈ మనిషికి గుండె జబ్బు లేదు గనక తలనొప్పితో పోయింది.

పరీక్షలు అన్నీ ముందు చేయించాం. షుగర్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఉదయం పూట తీసిన టెస్టోస్టెరాన్. అన్నీ మామూలే. నిద్రలేచేసరికి అంగస్తంభన ఉంటోంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. శరీరం బాగుంది. డిప్రెషన్ మాత్రం మధ్యస్థ స్థాయిలో ఉంది: ఆకలి తక్కువ, రోజుకు నాలుగు గంటల నిద్ర, ఆఫీసులో తప్పులు, "నేను లేకపోతే అందరికీ హాయి" అన్న ఆలోచన. చనిపోవాలన్న పథకం ఏదీ లేదని విడిగా అడిగి నిర్ధారించుకున్నాం. ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416ను ఫోన్‌లో సేవ్ చేయించాం.

వ్యసనమా, కాదా

కుటుంబానికి కావలసింది ఈ ఒక్క ప్రశ్నకు జవాబే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో 6సీ72 అనే కోడ్ ఉంది. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన రుగ్మత. దాన్ని వ్యసనాల వరుసలో పెట్టలేదు, చేయాలన్న తహతహను ఆపుకోలేని రుగ్మతల్లో పెట్టారు. అమెరికన్ సైకియాట్రిస్టుల రుగ్మతల పుస్తకం డీఎస్ఎం-5లో 2013లో చేరుద్దామని చర్చ జరిగింది గానీ చేర్చలేదు. ఐసీడీ నిబంధనల ప్రకారం ఆరు నెలలు, అంతకుమించి ఉండాలి. వీటిలో ఒకటైనా కనిపించాలి: మానాలని పదేపదే ప్రయత్నించి ఓడిపోవడం, ఆరోగ్యం, పని, బంధాలు దెబ్బతింటున్నా సాగడం, ఆనందం లేకపోయినా సాగడం. వీటితోపాటు ఒక వాక్యం ఉంది, నేను మా ట్రైనీల చేత రెండుసార్లు చదివించే వాక్యం: ఇది తప్పు, పాపం అనే నైతిక భావన వల్ల మాత్రమే కలిగే బాధ ఈ రోగనిర్ధారణకు చాలదు.

ఆ వాక్యం ఎందుకుందో తెలియాలంటే అదే నెలల్లో వచ్చిన ఇంకో కుర్రాణ్ని చూడాలి. డిగ్రీ రెండో సంవత్సరం. వారానికి ఒకసారి చూస్తాడు, పావుగంట. చూసిన ప్రతిసారీ ఒంట్లో సత్తువ పోయిందని, చెంపలు లోపలికి పోయాయని ఏడుస్తాడు. తనకు పోర్న్ అడిక్షన్ అని యూట్యూబ్ చూసి తానే నిర్ధారించుకున్నాడు. వీర్యం పోతే బలం పోతుందన్న భయానికి 1960లో సైకియాట్రిస్టు ఎన్.ఎన్.విగ్ ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టాడు, ఆ బాధకు ఫోన్ యుగపు రూపం ఇది. అతనికి కావలసింది శరీరం గురించి సరైన సమాచారం, కాస్త ధైర్యం. బ్లాకర్ యాప్ పెట్టించి పంపితే భయం ఇంకా గట్టిపడుతుంది. అమెరికాలో జాషువా గ్రబ్స్ బృందం చేసిన అధ్యయనాలూ ఈ దిక్కునే చూపిస్తాయి. తాము వ్యసనపరులమని అనుకోవడానికీ ఎంతసేపు చూస్తున్నారన్నదానికీ ఉన్న సంబంధం మనం ఊహించేంత గట్టిది కాదు. చూడటం తమ నమ్మకాలకు విరుద్ధమని భావించేవాళ్లు కొంచెం చూసినా తమను వ్యసనపరులుగా లెక్కేసుకుంటారు. 2019లో వాళ్లు అక్కడి జనాభాకు ప్రాతినిధ్యం వహించే 2,075 మందిని అడిగితే, నాకు పోర్న్ వ్యసనం ఉందన్న మాటతో ఎంతో కొంత ఏకీభవించినవాళ్లు మగవాళ్లలో 11 శాతం, ఆడవాళ్లలో 3 శాతం. 42 దేశాల్లో 82,243 మందితో జరిగిన ఇంటర్నేషనల్ సెక్స్ సర్వేలో ప్రశ్నావళి కొలతతో చూస్తే, సమస్యాత్మకంగా చూసే ప్రమాదం ఉన్నవాళ్లు 3.2 శాతం దగ్గర ఆగారు. చూసేవాళ్లు చాలామంది. వాళ్లలో చిక్కుకుపోయేవాళ్లు కొద్దిమంది. మా ఓపీకి వచ్చేవాళ్లలో ఈ కొద్దిమందీ ఉంటారు, భయపడ్డవాళ్లూ ఉంటారు, పెళ్లాం పట్టుకుంటే వచ్చినవాళ్లూ ఉంటారు. చీటీ మీద అందరికీ ఒకటే రాసుంటుంది.

మా పేషెంటు విషయంలో 6సీ72 వర్తిస్తుందనే తేల్చాం. రెండేళ్లుగా ఉంది. నాలుగుసార్లు మానాలని చూశాడు. అందులో ఒకటి వీడియోలు, హస్తప్రయోగం రెండూ మానే తొంభై రోజుల "నో ఫ్యాప్" చాలెంజ్. ఇరవై మూడో రోజు తప్పి, ఆ రాత్రంతా చూశాడట. "ఎలాగూ పోయింది కదా అని" అన్నాడు. రోజులు లెక్కపెట్టుకునే పద్ధతితో నాకు పేచీ ఇక్కడే. ఒక్క జారుపాటుతో ఇరవై రెండు రోజులూ సున్నా అయిపోతాయి. ప్రశ్నావళి కూడా పెట్టాం, 18 ప్రశ్నలది, 76 దాటితే సమస్య కింద లెక్క. ఇతనికి 91 వచ్చింది. ప్రశ్నలు నేనే తెలుగులో చెప్పి అడిగాను కాబట్టి ఆ అంకెను ఊతంగా మాత్రమే తీసుకున్నాను.

డైరీ

గంటలు అడిగితే వారానికి పదో పన్నెండో అన్నాడు. అంతకంటే ఎక్కువ చూస్తూ ఏ ఇబ్బందీ లేనివాళ్లను చూశాను. అందుకే గంటలు పక్కనపెట్టి, రెండు వారాలు డైరీ రాయమన్నాను. ఎప్పుడు, ఎంతసేపు, దానికి ముందు ఏం జరిగింది. అతని మాటల్లోనే కొన్ని:

"సోమ. 3.40కి షిఫ్టు అయింది. అమ్మ పడుకుంది. ఊరి నుంచి మిస్డ్ కాల్స్ రెండు. 4.00 నుంచి 5.45. మూడ్ ఏం లేదు. ఊరికే తిప్పుతూ కూర్చున్నా."

"మంగళ. ఆఫీసుకెళ్లా. క్యాబ్‌లో నిద్రపోయా. చూడలేదు. చూడాలనీ అనిపించలా."

"గురు. ఆమె మెసేజ్ పెట్టింది, తిన్నారా అని. ఏం రాయాలో తెలీలేదు. రిప్లై ఇవ్వలా. 4.10 నుంచి 6.20."

"శని. సెలవు. బాగా పడుకున్నా. సాయంత్రం ఒకసారి, పది నిమిషాలు. ఇది మామూలే."

శనివారం పది నిమిషాలకు, గురువారం రెండు గంటల పది నిమిషాలకు పోలికే లేదు. శనివారానిది కోరిక. గురువారానిది జవాబివ్వలేని మెసేజ్. రెండు వారాల్లో అన్నిటికంటే చెడ్డ రోజులు నెల 4, 5, 6 తేదీలు. ఎందుకని అడిగితే మొదట జీతం గురించి ఏదో చెప్పాడు. తర్వాతి వారం నిజం వచ్చింది. తండ్రి ఆసుపత్రి ఖర్చుకు ఊళ్లో ఒకరి దగ్గర 9 లక్షలు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 18 వేలు వడ్డీకే పోతుంది, అసలు కదల్లేదు. గడువు ఐదో తారీఖు. మిస్డ్ కాల్స్ ఆయనవే. పెళ్లిచూపుల్లో ఈ అప్పు సంగతి చెప్పలేదు. పెళ్లయ్యాకా చెప్పలేదు. తల్లికి తెలుసు, అక్కకు తెలుసు, బావకు తెలుసు. భార్యకు తెలియదు.

అక్కడి నుంచి కేసు నాకు వేరే రకంగా కనపడింది. తెల్లవారుజామున ఇల్లంతా నిద్రపోతున్న ఆ రెండు గంటలే అతన్ని ఎవరూ ఏమీ అడగని సమయం. భార్య పక్కన పడుకోవాలంటే, ఆమె మామూలుగా అడిగే "ఏంటి అలా ఉన్నారు?" అనే ప్రశ్నకు అబద్ధం చెప్పాలి. ఫోను అడగదు. ఆమె ఇంట్లో ఉన్న రోజుల్లో, అందులోంచి బయటికొచ్చేసరికి ఆరయ్యేది, ఆమె స్కూలుకు తయారవుతూ ఉండేది. ఇద్దరూ ఒకే మంచం మీద ఉండే సమయమే రోజులో మిగల్లేదు.

ఆమె

భార్య నాలుగో వారంలో వచ్చింది, ఒక్కతే, బస్సులో. కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న: "నా వీడియో ఏమైనా తీశాడా డాక్టరు గారూ?" ఈ ప్రశ్నను ఇలాంటి కేసుల్లో భార్యల నోట చాలాసార్లు విన్నాను. వాళ్లు నీతి గురించి కంటే ముందు దీని గురించి భయపడతారు. తెలియకుండా తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరమని ఆమెకు చెప్పాను. తర్వాత జాయింట్ సెషన్‌లో అతను తనంతట తానే ఫోన్, లాప్‌టాప్ ఆమె ముందు తెరిచి పెట్టాడు. అలాంటిదేమీ లేదు. ఆమె ఆ రోజు రెండు గ్లాసుల నీళ్లు తాగింది.

ఎలా బయటపడిందో ఆమె చెప్పింది. కరెంటు బిల్లు కట్టడానికి అతని ఫోన్ తీసుకుంటే మూసేసిన సైట్లను కూడా తెరిచే వీపీఎన్ యాప్ నోటిఫికేషన్ కనిపించింది. ఇదెందుకని వెతుక్కుంటూ పోతే అన్నీ వచ్చాయి. 2015లో కేంద్రం 857 పోర్న్ సైట్లను మూయించి, వెంటనే వెనక్కి తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత 827 సైట్లను మూయించింది. తల్లిదండ్రులు, భార్యలు ఇప్పటికీ నన్ను "ఏదైనా యాప్‌తో బ్లాక్ చేయలేమా?" అంటారు. దేశం మొత్తానికి వేసిన తాళం తీసుకున్న మనిషికి ఫోన్‌లో వేసే తాళం ఎంత?

ఆమె బాధను అతను తప్పుగా ఊహించుకున్నాడు. అందంగా లేనని బాధపడుతోందనుకున్నాడు. ఆమె అన్నది వేరు: "చూశాడని కాదండీ. దాదాపు ఏడాది నా పక్కనే ఉంటూ, నాకు తెలియకుండా ఇంకో కాపురం నడిపినట్టుంది." ఇంకోటీ చెప్పింది. ఒకట్రెండుసార్లు వీడియోలో చూసినవి ఆమెను చేయమన్నాడు, ఆమె ఇష్టం లేదంది, అతను బలవంతం చేయలేదు గానీ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆమె తల్లి "మగాళ్లందరూ అంతే, సర్దుకుపో" అంది. పంచాయితీలో మాత్రం అదే తల్లి "మా పిల్ల జీవితం నాశనం చేశాడు" అంది. సర్దుకోమన్న మాటకూ నాశనమన్న మాటకూ మధ్య ఆమెను అడిగినవాళ్లే లేరు.

అప్పు సంగతి అతనే చెప్పాలని నిర్ణయించుకున్నాం. చెప్పాడు, జాయింట్ సెషన్‌లో, కాగితం మీద అంకెలు రాసుకొచ్చి. ఆమె వీడియోల గురించి ఏడ్చింది గానీ అరవలేదు. అప్పు దగ్గర అరిచింది. "పెళ్లికి ముందు మీ అమ్మగారు నన్ను నగలు అడిగారు. అప్పుందని ఒక్క ముక్క చెప్పలేదు. అందరికీ తెలుసు, నాకే తెలీదు!" ఆ సెషన్ అనుకున్న సమయం దాటి సాగింది. వీడియోల విషయంలో ఎంతవరకు చెప్పాలన్నది ముందే ముగ్గురం అనుకున్నాం: ఎంతకాలం, ఎప్పుడు, డబ్బేమైనా ఖర్చయిందా, ఎవరితోనైనా మాట్లాడాడా. ఒక్కొక్క వీడియో వివరం వద్దన్నాం. అవి భార్య మనసులో బొమ్మలుగా మిగిలిపోవడం తప్ప దేనికీ పనికిరావు.

చికిత్స

మందు ఎంచుకోవడంలో చిక్కుంది. డిప్రెషన్‌కు మామూలుగా మొదట రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు స్ఖలనాన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. ఇతని ఫిర్యాదే అది. అందుకని ఆ ఇబ్బంది తక్కువగా ఉండే డిప్రెషన్ మాత్ర, బ్యుప్రోపియాన్ 150 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. ముందు మూర్ఛ, మద్యం చరిత్ర లేవని అడిగి తెలుసుకున్నాం. ఉదయాన్నే వేసుకోమని రాయడం అలవాటు, ఇతనికి ఉదయమంటే నిద్రపోయే వేళ. నిద్రలేచే మధ్యాహ్నం వేసుకోమన్నాం. మద్యం మానిపించడానికి వాడే నాల్ట్రెక్సోన్ మీద ఈ రుగ్మతలో కొన్ని చిన్న ట్రయల్స్ ఉన్నాయి. పోలెండ్‌లో పారాక్సెటిన్‌తో, ఉత్తుత్తి మాత్రతో పోల్చి 73 మంది మగవాళ్లతో చేసింది వాటిలో ఒకటి. డైరీ చూశాక ఇతనికి అది ముందు అవసరమనిపించలేదు.

మాటల చికిత్సలో మొదట పట్టుకున్నది 3.30 నుంచి 4 గంటల మధ్య అరగంటను. షిఫ్టు అయ్యాక లాప్‌టాప్ హాల్లో పెట్టి, ఫోన్ ఛార్జింగ్ కూడా అక్కడే. స్నానం, మజ్జిగన్నం, పడక. చూడాలన్న తహతహ వస్తే దాన్ని కొట్టిపారేయకుండా, ఎక్కడ మొదలైంది, ఎంత పెరిగింది, ఎప్పుడు తగ్గింది అని గమనించమన్నాం. పావుగంటలో దానంతటదే వాలిపోతుందన్నది అతను సొంతంగా కనిపెట్టిన రోజున ఆ మాట ఫోన్‌లో నాకు మెసేజ్ పెట్టాడు. చూస్తే డైరీలో రాయాలి, సున్నా చేయకూడదు. షిఫ్టు మార్చమని ఆఫీసుకు లేఖ ఇచ్చాను, అందులో రాసింది నిద్ర సమస్య ఒక్కటే, అది నిజమే. నాలుగో నెలలో ఇంగ్లండ్ వేళలకు మార్చారు, మధ్యాహ్నం 1.30 నుంచి రాత్రి 10.30.

శారీరక సంబంధం విషయంలో 1970లో అమెరికా లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ చెప్పిన స్పర్శ అభ్యాసాలే వాడాం. మొదటి కొన్ని వారాలు కలయిక పూర్తిగా నిషేధం. ఒకరినొకరు తాకడం, అడగడం, వద్దనడం, అంతే. పోర్న్ చూస్తే అంగం చచ్చుబడుతుందని యూట్యూబ్ గట్టిగా చెబుతుంది. పరిశోధనల్లో అంత నేరుగా కనిపించదు. ఇతని విషయంలో మాత్రం మూడు కలిశాయి: తన చేతి బిగువుకు, నిమిషానికో కొత్త దృశ్యానికి అలవాటుపడటం, పక్కన భార్య ఉంటే "నేనెలా చేస్తున్నాను" అని తననే తాను గమనించుకోవడం, అప్పు గురించిన అబద్ధం. మూడోది విడిపోయాక మొదటి రెండూ మెత్తబడ్డాయి.

అసలు అడ్డంకి మాత్రం హాల్లో పడుకునే అత్తగారు. పుస్తకంలో ఈ అధ్యాయం ఉండదు. నిషేధ కాలంలో ఏకాంతం లేకపోతే అభ్యాసం కుదరదు. కోడలు ఆ మాట అనలేదు, కొడుకు అనలేడు. నేనే బావగారిని పిలిచి, అత్తగారిని కొన్నాళ్లు చిలకలూరిపేటలో వాళ్లింట్లో ఉంచుకోమన్నాను, కారణం చెప్పకుండా. ఆయన తెలివైనవాడు, కారణం అడగలేదు. "మా పిల్లల పరీక్షలున్నాయి, అమ్మమ్మ కావాలంటున్నారు" అని తీసుకెళ్లాడు. అదే వారం కొత్త గడియ కూడా బిగించారు. ఈ కేసులో నేను రాసిన మందులన్నిటికంటే ఆ గడియే ఎక్కువ పనిచేసిందని భార్య నవ్వుతూ అంది. నేనూ కాదనలేదు.

తొమ్మిదో నెలలో

ఆమె ఆరో నెలలో తిరిగొచ్చింది, రెండు షరతులతో. అప్పు లెక్కలు ఇకపై ఆమె చూస్తుంది, ఫోన్ పాస్‌వర్డు తనకు అక్కర్లేదు. రెండో షరతు విని చిన్నాన్నకు కోపమొచ్చిందట. ఆమె నాతో అంది: "నేను పోలీసుని కాదు కదండీ." బ్యాంకులో తక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకుని, మిగిలిన కొంత ఆమె నగల మీద తెచ్చి, ఊళ్లో 9 లక్షలూ తీర్చేశారు. నగల సంగతి నాకు నచ్చలేదు. ఆమె ఒప్పుకునే చేశానంది, అత్తగారి పేరున ఉన్న అరెకరం తన పేరున రాయించుకున్నాకే. దాంతో నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను.

వీడియోలు అతను పూర్తిగా మానలేదు. నెలకు రెండు మూడుసార్లు, పదీ పదిహేను నిమిషాలు. ఆమెకు తెలుసు, ఇష్టం లేదు, దాని మీద గొడవ పడటం లేదు. ఇది చికిత్స వైఫల్యమని మా టీములో ఒకరు వాదించారు. 6సీ72 నిబంధనల్లో ఇప్పుడు ఒక్కటీ వర్తించదు కాబట్టి నేను ఒప్పుకోలేదు. చూడటం మొత్తానికి ఆపాలా అన్నది ఆ ఇద్దరూ తేల్చుకోవలసిన విషయం, ఇంకా తేల్చుకోలేదు. డిప్రెషన్ స్కోరు మామూలు స్థాయికి వచ్చింది, బ్యుప్రోపియాన్ ఇంకో మూడు నెలలు నడిపి ఆపుతాం. కలయికలో ఇబ్బంది అప్పుడప్పుడూ ఉంటోంది, ఇప్పుడు ఇద్దరూ దాని గురించి మాట్లాడుకుంటున్నారు.

తిరగబెడితే ఎప్పుడు రావాలో కాగితం మీద రాసుకున్నాం. ఎన్ని గంటలు చూశాడన్నది అందులో లేదు. వరుసగా రెండు వారాలు ఐదు గంటల కంటే తక్కువ నిద్ర, ఇంటికొచ్చిన ఏ ఫోన్ కాల్ గురించైనా భార్యకు చెప్పకుండా దాచడం. రెండిట్లో ఏది కనిపించినా ఇద్దరూ కలిసి రావాలి. రెండోది కనిపెట్టడం ఎలా అని అతను అడిగితే, వడ్డీ పుస్తకం తన దగ్గరే ఉందని ఆమె గుర్తుచేసింది.